పెరటి క్యారెట్: నా తప్పులు, కొన్ని ఉపాయాలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద నన్ను క్యారెట్ గురించి మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నేను వ్యవసాయ శాఖలో పనిచేసినవాణ్ణి కాను. ముప్పై మూడేళ్ళు ఫైళ్ళు కదిపినవాణ్ణి. కనుక నేను చెప్పబోయేదానిలో శాస్త్రం కొంత, చేసిన తప్పులు కొన్ని ఉంటాయి.

హైదరాబాదులో మా ఇంటి వెనుక పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల మడి ఒకటి ఉన్నది. రిటైరైన సంవత్సరం ఉత్సాహం కొద్దీ పచ్చి పేడ నాలుగు తట్టలు పోయించి, అందులో విత్తనాలు చల్లాను. మూడు నెలలకు తవ్వి చూస్తే ఒక్క దుంపా తిన్నగా లేదు. కొన్నిటికి రెండు కాళ్ళు, కొన్నిటికి మూడు. మా ఆవిడ వాటిని చూసి, "ఇవి చెక్కు తీయడానికి మీ ఆఫీసు స్టాఫంతా కావాలి" అన్నది. పచ్చి ఎరువు తగిలినా, మట్టిలో రాయి అడ్డొచ్చినా దుంప చీలిపోతుంది. బాగా మాగిన ఎరువే వేయాలి. అడుగు లోతు తవ్వి రాళ్ళు ఏరెయ్యాలి. నల్లరేగడి అయితే ఇసుక కలిపి ఎత్తు మడి చేసుకోవాలి.

రెండో ఏడు వంగనారులాగా మొక్కలు పీకి వేరేచోట నాటాను. అదీ తప్పే. క్యారెట్‌కు నారు పనికిరాదు, వేసినచోటే పెరగాలి. మన ప్రాంతానికి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా విత్తడం మంచిది. దుంపకు మంచి రంగు రావాలంటే పదిహేను నుంచి ఇరవై డిగ్రీల చల్లదనం ఉండాలి. ఎండలు ముదిరాక వేస్తే పాలిపోయిన దుంపలే వస్తాయి. నాంటెస్ రకం నారింజ రంగులో ఉంటుంది, చలి కోరుతుంది. ఢిల్లీ పరిశోధన సంస్థ వారి పూసా కేసర్ ఎర్రనిది, వేడిని కొంత తట్టుకుంటుంది.

విత్తనం సన్నం కాబట్టి ఇసుకలో కలిపి, అడుగు ఎడంగా గీసిన గీతల్లో అర అంగుళం లోతున వేయండి. మొలకెత్తడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మడి ఒక్క పూట ఆరినా మొలకలు రావు. తడి గోనెపట్టా కప్పి, మొలక కనబడగానే తీసెయ్యాలి. తరువాత మూడంగుళాలకు ఒక మొక్క ఉంచి మిగతావి పీకెయ్యాలి. ఈ పని చేయడానికి ప్రాణం ఒప్పదు. కాని తప్పదు.

ఇక పురుగుల సంగతి. ఇంగ్లీషు తోట పుస్తకాల్లో క్యారెట్ ఈగ అని ఒకదాన్ని గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. దాన్ని తరమడానికి పక్కన ఉల్లి వేయమంటారు. నేను రెండేళ్ళు వేశాను. అది చలిదేశాల పురుగు, మా పెరట్లో ఎన్నడూ కనబడలేదు. ఉల్లిపాయలు మాత్రం పులుసులోకి పనికివచ్చాయి.

మనకు అసలు శత్రువు మట్టిలో ఉన్నది. అవి నులిపురుగులు. కంటికి కనబడవు. మొక్క ఎదగదు, దుంప చీలుతుంది, సన్నవేళ్ళకు బొడిపెలు వస్తాయి. దుంప చీలినప్పుడు రాయి వల్లనా, పురుగు వల్లనా అని తెలుసుకోవాలంటే సన్నవేళ్ళు కడిగి చూడండి. బొడిపెలుంటే పురుగే. టమాటా, వంగ, బెండ వేసిన మడిలో వెంటనే క్యారెట్ వేస్తే ఇది ఖాయం, ఎందుకంటే వాటికీ ఇదే రోగం. నేను మే నెలలో మడి తవ్వి, తడిపి, పల్చటి తెల్ల పాలిథిన్ పట్టా పరిచి అంచులు మట్టితో మూసి ఆరు వారాలు ఉంచాను. వానల్లో బంతి మొక్కలు పెంచి, పూలు దసరాకు కోసుకుని, మొక్కల్ని అక్కడే తొక్కించాను. విత్తే ముందు వేపపిండి కలిపాను. ఆ ఏడు పదింట ఎనిమిది దుంపలు తిన్నగా వచ్చాయి.

ఆకుల మీద పేనుబంక వస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేట్టు కొట్టండి. వారానికొకసారి, మూడుసార్లు చాలు. ఆకుమచ్చ కనబడితే ఆ ఆకులు తుంచి దూరంగా పారెయ్యండి. పందికొక్కులకు మాత్రం నాకూ మందు తెలియదు, మా వీధి పిల్లికీ తెలియదు.

ఇప్పుడు ఈ విషయం చెప్పడానికే ఒప్పుకుని వచ్చాను. నులిపురుగుల సంగతి తెలియని రోజుల్లో, మొక్కలు గిడసబారుతుంటే ఒక దుకాణంలో ఏదో మందు ఇచ్చారు. లేబులు సగం చిరిగిన సీసా. మడంతా కొట్టాను. మర్నాడు పొద్దున ఐదేళ్ళ మా మనవరాలు పెరట్లోకి వెళ్ళి ఒక దుంప పీకి, గౌనుకు తుడుచుకుని కొరికేసింది. "తాతా, తియ్యగా ఉంది" అని నాకే తెచ్చి చూపించింది. ఆస్పత్రిలో డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న "ఏం మందు కొట్టారు?" అని. నేను జవాబు చెప్పలేకపోయాను. మా అబ్బాయి ఇంటికి పరుగెత్తి సీసా తెచ్చినా పేరున్న భాగం చిరిగిపోయి ఉన్నది. రాత్రంతా పరిశీలనలో ఉంచారు. దైవకృప, ఏమీ కాలేదు. ఆ రాత్రి నా కోడలు నన్ను ఒక్కమాటా అనలేదు. అంటే బాగుండేది.

క్యారెట్ పచ్చిగా తినే కూర. పైగా కొన్ని మందులను మట్టిలోంచి పీల్చి చెక్కులో దాచుకుంటుంది. 1988 ప్రాంతాల్లో క్వార్టర్సులో చీమలకని బి.హెచ్.సి. పొడి గుమ్మరించి, అదే మడిలో దుంపలు పెంచి తిన్నాము. 1997లో ఆ పొడిని ప్రభుత్వం నిషేధించింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లో నిషేధించారు. మీ అటక మీద పాత సీసాలు ఉంటే ఈ రోజే దించి చూడండి. పేరులేని సీసా ఏదీ మడి దగ్గరకు రానివ్వకండి. ఖర్మకాలి పిల్లలు నోట పెట్టుకుంటే సీసాతో సహా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

ఐదు కిలోల వేపపిండి పొట్లాలు కట్టి తెచ్చాను, వెనుక బల్ల మీద ఉన్నవి. పెరడు ఉన్నవారు, కుండీలున్నవారు టీ తరువాత తీసుకోగలరు. కుండీ అయితే అడుగు లోతుకు తక్కువ పనికిరాదు. సెలవు.