ఎర్ర చుక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడతానని ఆశించినవారు క్షమించాలి. కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "రిటైరయ్యాక కాలక్షేపం". నా కాలక్షేపం బొమ్మ విమానాలు చేయడం. మా ఆవిడ దీన్ని రెండో బాల్యం అంటుంది.

మనవడు సగం చేసి వదిలేసిన స్పిట్‌ఫైర్ కిట్టుతో ఇది మొదలైంది. అసలు విమానంలో 72వ వంతు. మామూలు స్పిట్‌ఫైర్ రెక్కల పొడవు ఆ చివర నుంచి ఈ చివరకు 36 అడుగుల 10 అంగుళాలు. బొమ్మకు ఆరంగుళాల పైచిలుకు. అతికించడం సులువే. కష్టమంతా గుర్తుల దగ్గరే.

ఏ దళం గుర్తులు వేయాలా అని పుస్తకాలు తిరగేస్తుంటే బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్ కనబడింది. దాని పేరులోనే హైదరాబాద్ ఉంది! ఏడో నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరది. ఆ దళం చిహ్నం నిజాం ధరించే దస్తార్. 1940లో బ్రిటన్ గగనతలంలో పోరాడిన ఈ దళం 1943 చివర భారతదేశానికి వచ్చి, తర్వాత బర్మా రంగంలో పనిచేసింది. అక్కడ దాని విమానాల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకున్నారు. ఇంకేం, మన ఊరి పేరున్న విమానమే చేద్దామనుకున్నాను.

దళాన్ని తెలిపే యు, ఎం అక్షరాలు అంటించాను. చిరుతను సన్నని కుంచెతో వేశాను. పెట్టెలో ఉన్న గుండ్రని గుర్తులు, అంటే నీలం, తెలుపు, మధ్యలో ఎర్ర చుక్క ఉన్నవి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి అంటించాను. చేతివణుకు వల్ల మోచేతులు బల్లకు ఆనించి చేయాల్సివచ్చింది. పూర్తయ్యాక అందరికీ చూపించి మురిసిపోయాను.

ఆ తర్వాత చదివాను. జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. తొందరలో మనవాళ్ళే మన విమానాన్ని శత్రువనుకుని కాల్చే ప్రమాదం ఉండేది. అందుకని 1942లోనే ఈ ప్రాంతపు విమానాల మీద ఎరుపు తీసేయించారు. తర్వాత ముదురు నీలం, లేత నీలం మాత్రమే మిగిలాయి.

మిత్రులారా, అది చదివి నేను చాలాసేపు కదల్లేదు. మా మేనమామ యుద్ధకాలంలో వైమానిక దళంలో ఫిట్టరు. "ఎర్ర చుక్క మీద మేమే రంగు పూశాంరా, లేకపోతే మనవాళ్ళే కూల్చేసేవాళ్ళు" అని చెప్పేవాడు. మేము కోతలనుకునేవాళ్ళం. హైస్కూల్లో ఉండగా నేనొక ఇంగ్లీషు పత్రికలో ఎర్ర చుక్క ఉన్న విమానం బొమ్మ తెచ్చి, "ఇదిగో మామయ్యా, ఉందిగా!" అని నలుగురిలో చూపించాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత యుద్ధం మాట మళ్ళీ ఎత్తలేదు. నేను చూపించింది యూరప్ విమానం. ఆయన చెప్పింది బర్మా సంగతి. ఇద్దరి మాటా నిజమే. తేడా తెలియని తప్పు నాది.

అంటించినవన్నీ తడిపి, టేపుతో ఊడదీశాను. మళ్ళీ రంగు వేసి, పైన మెరుపు వార్నిష్ పూశాను. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చేరి తెల్లగా మసకబారుతుంది. ఈసారి రెండు నీలాలతో చిన్న గుర్తులు తయారుచేసుకుని అంటించాను. 1945లో చాలా విమానాలకు తెల్ల పట్టీలు కూడా వేశారు కాబట్టి, ఏ నెల విమానమో ముందే తేల్చుకున్నాను. సర్వీసు రిజిస్టరులో తప్పును ఎర్ర సిరాతో దిద్దేవాళ్ళం. ఇక్కడ ఎరుపు తీసేయడమే దిద్దుబాటు!

ఆ విమానాన్ని మామయ్య కూతురికి ఇచ్చి, సంగతంతా చెప్పాను. "నాన్న అబద్ధం చెప్పేవాడు కాదు బావా" అంది, అంతే. ఇప్పుడది ఆయన ఫొటో పక్కన ఉంది.

మన ఇళ్ళలో పెద్దలు చెప్పిన మాటలు నమ్మబుద్ధి కాకపోయినా కొట్టిపారేయకండి. తేదీ వేసి రాసి పెట్టండి. ఎప్పుడో ఒకనాడు ఆధారం దొరుకుతుంది. నాకు దొరికేసరికి మామయ్య లేడు.