మెరక మీద అద్దెకున్నవాళ్లు

ఉప్పాడ రోడ్డును సముద్రం కోసుకుపోవడం కళ్లారా చూసిన కాకినాడవాళ్లకు కోత గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడేది సముద్రం తాకకుండానే ఇల్లు పోగొట్టుకుంటున్నవాళ్ల గురించి. ఊరు అమెరికాలోని మయామీ.

నీరు పల్లమెరుగు అంటాం కదా, మయామీలో నీరు కిందినుంచి కూడా వస్తుంది. ఊరి అడుగున ఉన్నది చిల్లులమయమైన సున్నపురాయి. శరత్కాలంలో పెద్ద పోటు వచ్చిందంటే, చినుకు పడకపోయినా వీధుల్లో ఉప్పునీళ్లు నిలుస్తాయి. తీరాన గోడ కడితే ఆగే నీరు కాదది.

1896లో పారిశ్రామికవేత్త హెన్రీ ఫ్లాగ్లర్ వేయించిన రైలుమార్గం మయామీ చేరింది. పట్టాలు మెరక మీద వేశారు. ఒడ్డు ధనికులకు, పనిచేసిన నల్లజాతి కూలీలకు పట్టాల దగ్గరి పేట. చాలాచోట్ల వాళ్లకు స్థలం అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్నారు. 1970ల చివర్లో హైతీ నుంచి పడవల్లో పారిపోయి వచ్చినవాళ్లు కూడా మెరకపేటలోనే స్థిరపడ్డారు. అదే లిటిల్ హైతీ. ఒడ్డునున్న మయామీ బీచ్ కంటే కొన్ని అడుగులు ఎత్తు, అంతే. ఆ కొన్ని అడుగులకే ఇప్పుడు గిరాకీ.

2018లో పరిశోధకుడు జెస్సీ కీనన్ బృందం మయామీ-డేడ్ కౌంటీలో లక్షకు పైగా ఇళ్ల ధరలు పరిశీలించింది. ఎత్తున్న చోట ధర వేగంగా పెరుగుతోందని తేల్చింది. దీన్నే వాతావరణ జెంట్రిఫికేషన్ అంటున్నారు: ముంపు భయంతో సొమ్ము మెరకకు చేరడం, అద్దెలు పెరిగి పాతవాళ్లు మూటాముల్లె సర్దుకోవడం. కారణం సముద్రమొక్కటే అని నేననను. లిటిల్ హైతీ నగరం నడిబొడ్డుకు దగ్గర, భూమి చవకగా ఉండేది; సొమ్ము ఎలాగూ అటు మొగ్గేదే. అయితే ముంపు భయం ఆ మొగ్గును మరింత పెంచింది. 2019లో అక్కడే సుమారు 18 ఎకరాల్లో భారీ నిర్మాణానికి నగర కమిషన్ అనుమతిచ్చింది.

దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. సొంతింట్లో ఉండేవాడి ఆస్తిపన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 3 శాతానికి మించి పెరగకుండా ఫ్లోరిడాలో రక్షణ ఉంది. అద్దెకున్నవాడికి అలాంటిదేదీ లేదు, లిటిల్ హైతీలో ఎక్కువమంది అద్దెవాళ్లే. పైగా, అద్దెలకు పరిమితి పెట్టే అధికారం స్థానిక సంస్థలకు లేకుండా 2023లో రాష్ట్రం చట్టం చేసింది. ఇది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం.

రేపు మన తీరానికి గోడో, మెరక రోడ్డో మంజూరైతే సంతోషించండి. కానీ అక్కడ అద్దెకుంటున్నవాళ్ల సంగతేమిటని మొదటి సమావేశంలోనే అడగండి.