చట్టము పుట్టించిన వ్యక్తి



తెలుగున లభించిన తొలి శాసనములలో నొకటియైన కలమళ్ల శాసనము వెలసిన ఈ ఎర్రగుంట్ల ప్రాంతమున సభ కూడినప్పుడు, అధ్యక్షస్థానమున నున్నవాడు శాసనభాషను గూర్చియో కావ్యమర్యాదలను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను నేడు కంపెనీ చట్టమును గూర్చి మాటాడదలచితిని. ఈ చిలమకూరి బ్రతుకు దశాబ్దములుగా సున్నపురాతితోను సిమెంటు కొలిమితోను ముడివడి యుండగా, ఆ కర్మాగార మెవరిదని యడిగిన, ఒకరు ఒక కుటుంబము పేరును, మరియొకరు మరియొక కుటుంబము పేరును చెప్పుదురు. చట్టము చెప్పు నుత్తరము వేరు.

దీనిని మొదట నెలకొల్పినది కోరమాండల్ ఫెర్టిలైజర్స్ కంపెనీ. 1990లో ఇండియా సిమెంట్స్ దీనిని కొన్నది. నాడు కర్మాగారమే ఒక కంపెనీనుండి వేరొక కంపెనీకి సంక్రమించెను గావున యజమాని నిజముగా మారెను. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ వాటాలలో సగమునకు మించిన భాగము అల్ట్రాటెక్ సిమెంటు కంపెనీ హస్తగతమైనది. చూపరులకు రెండును నొకటే. కాని రెండవమారు ఇచ్చటి ఒక్క యంత్రమునకైనను యజమాని మారలేదు. 1946లో నమోదైన ఆ ఇండియా సిమెంట్సే ముందువలె స్వామిగా నిలిచెను. మారినవారు దాని వాటాదారులు, దానిని నడపు పెద్దలు. కంపెనీకి ప్రభుత్వ మొసగు 21 అక్షరాంకెల గుర్తింపు సంఖ్యలో దాని పుట్టినయేడును పొదిగి యుండును. వాటాదారు లెందరు మారినను ఆ యేడు మారదు.

వాటాదారులకు వేరుగా కంపెనీకి గల ఈ ప్రత్యేకవ్యక్తిత్వమే కంపెనీ చట్టమునకు మూలకందము. 1897లో ఇంగ్లండున సాలమన్ అను చర్మవ్యాపారి వ్యాజ్యమున, దాదాపు వాటాలన్నియు ఒక్కనివే యైనను కంపెనీ వేరు, అతడు వేరు అని ప్రభువుల సభ తేల్చెను. మన సుప్రీంకోర్టు 1954లో బచా గజ్దర్ వ్యాజ్యమున, తేయాకు కంపెనీ యాదాయములో నధికభాగము వ్యవసాయికమైనను వాటాదారునకు ముట్టిన లాభాంశము వ్యవసాయాదాయము కాదనియు, కంపెనీ యాస్తిలో వాటాదారునకు నేరుగా హక్కు లేదనియు తీర్పు చెప్పెను. మనవారి కిది వింత కారాదు. గుడిమాన్యము దేవునిదే గాని ధర్మకర్తది కాదని అక్షరజ్ఞానము లేని రైతును నెరుగును; దేవతామూర్తి ఆస్తి గలిగి వ్యాజ్యమాడగల వ్యక్తి యని మన న్యాయస్థానములు నంగీకరించినవి.

ఈ చుట్టుపట్ల నాపరాతి గనులును పాలిషు యూనిట్లును పెక్కు పొత్తుమీద నడచునవే. 1932నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము పొత్తు చేసిన యప్పునకు ప్రతి పొత్తుదారుడును బాధ్యుడే. వ్యాపారపు టాస్తి చాలనినాడు అప్పులవాడు వాని యింటిమీదికిని పొలముమీదికిని రావచ్చును. కంపెనీలోనైనచో వాటాకు చెల్లింపవలసిన పైకముతో వాటాదారుని బాధ్యత తీరును. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు, పబ్లిక్ కంపెనీకి ఏడుగురు చాలుదురు. 2013నాటి కంపెనీల చట్టము ఒక్కనికిని కంపెనీ పెట్టుకొను వీలొసగినది. పదిమంది రైతులు చేరి ఉత్పత్తిదారుల కంపెనీ స్థాపింపవచ్చును. అయితే చిన్న కంపెనీకి అప్పిచ్చు బ్యాంకు తరచుగా డైరెక్టరుల సొంత హామీని కోరును. ఆ హామీపత్రముపై చేవ్రాలు పెట్టిననాడే, పరిమితబాధ్యత యను కవచము ఆ మేరకు వాని వంటినుండి జారిపోవును. కంపెనీ పెట్టితిమి గదా, ఇల్లు భద్రమని నిశ్చింతగా నుండువారిని తలచినప్పుడు నాకు మిక్కిలి దిగులు కలుగును.

కవచ మొసగిన చట్టమే బరువును నుంచినది. 2013 చట్టపు 166వ సెక్షను, డైరెక్టరు సద్భావముతో కంపెనీ మేలునకును, ఉద్యోగుల, సమాజముయొక్క హితమునకును, పర్యావరణ రక్షణకును అనుగుణముగా వర్తింపవలెనని శాసించుచున్నది. గని ప్రక్కన కాపురముండు పల్లెకు ఆ సెక్షను తెలిసియుండుట న్యాయము. ధూళిని గూర్చి అర్జీ వ్రాయునప్పుడు దాని నుదాహరింపవచ్చును.

తాము చేవ్రాలు చేయు పత్రము బోధపడినప్పుడే ఈ కవచమును ఈ బరువును జనులెరుగుదురు. కావున ఈ సభ ముగియకముందే, కంపెనీ స్థాపకులు చేవ్రాలు చేయు మెమొరాండమునకును, నియమావళికిని, బ్యాంకు హామీపత్రమునకును సుబోధమైన తెలుగు మాదిరులను కూర్పించుటకు, న్యాయవాదులును భాషావేత్తలును గల యొక చిన్న సంఘమును నియమింపవలసినదిగా ప్రతిపాదించుచున్నాను. తొలిప్రతిని ఎర్రగుంట్ల పాలిషు యూనిట్లవారిచే చదివించి, వారికి బోధపడని ప్రతి వాక్యమును తిరుగ వ్రాయవలెను.