హాట్ క్రాస్ బన్నులు – నా అనుభవం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తర్వాత పెట్టుకున్న వ్యాపకం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. డి.ఎ. బకాయిల గురించి చెప్పగలవారు వేదిక మీదే ఉన్నారు కనుక నేను బన్నుల గురించి చెబుతాను. నవ్వకండి.

1978లో మేము సికింద్రాబాదు మెట్టుగూడలో అద్దెకుండేవాళ్ళం. పక్క వాటాలో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఆయనది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో మూడు గంటల ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి గంజి తాగి, పైన సిలువ గుర్తున్న మసాలా బన్ను తినేవారు. మాకూ అరడజను పంపేవారు. మాది హిందూ కుటుంబమే అయినా మా పిల్లలు వాటి కోసం గోడ దగ్గరే కాచుకుని ఉండేవారు.

ఇది ఇంగ్లండు నుంచి వచ్చిన ఆచారం. 1592లో లండన్ మార్కెట్ల క్లర్కు ఒక ఉత్తర్వు జారీచేశాడు. అంత్యక్రియలకు, ఈస్టరు ముందు శుక్రవారానికి, క్రిస్మస్‌కు తప్ప మసాలా బన్నులు అమ్మరాదు, అమ్మితే ఆ సరుకు జప్తుచేసి పేదలకు పంచాలి అని. క్లర్కుకు ఎంత అధికారమో చూడండి! మనం టీ బిల్లు పాసు చేయించుకోవడానికే మూడు సంతకాలు కావలసివచ్చేవి.

1991లో ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. అప్పటికే మా శ్రీమతి ఆవిడ దగ్గర పని నేర్చుకుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు తనే చేసింది. నేను వరండాలో పేపరు చదువుతూ తినేవాణ్ణి. "ఈసారి కాస్త గట్టిపడ్డట్టున్నాయే" అని కూడా అన్నాను, ఒకసారి కాదు. వంటింట్లోకి మాత్రం ఏనాడూ తొంగిచూడలేదు.

2022లో ఆమె కాలం చేసింది. మరుసటి ఏడు గుడ్ ఫ్రైడేకు వారం ముందు మనవడు, "తాతయ్యా, ఈసారి బన్నులు లేవా?" అన్నాడు. ఆమె పాత డైరీ వెతికాను. "మైదా అరకిలో, ఈస్ట్ ఒక చెంచా, పాలు సరిపడా, మసాలా చూసుకుని." అంతే. ఆఫీసులో అయితే ఇటువంటి ఫైలు వివరాలు లేవని తిప్పి పంపేవాణ్ణి. ఇప్పుడు ఎవరికి పంపను?

మొదటిసారి పాలు మరిగించి, పొగలు కక్కుతుండగానే ఈస్ట్ మీద పోశాను. ఈస్ట్‌కు ప్రాణముంటుందని, ఆ వేడికి చచ్చిపోతుందని నాకు తెలియదు. మూడు గంటలైనా పిండి ఉలకలేదు. రెండోసారి వాసన బాగుంటుందని దాల్చినచెక్క పొడి గుప్పించాను. అది ఎక్కువైతే ఈస్ట్ పని మందగిస్తుందట. మూడోసారికి కుదిరింది.

ఇక రాసుకోండి. పావులీటరు గోరువెచ్చని పాలు. వేలు పెడితే చుర్రుమనకూడదు. అందులో చెంచా చక్కెర, 7 గ్రాముల డ్రై ఈస్ట్ వేసి నురగ వచ్చేదాకా ఆగాలి. అరకిలో మైదా, 75 గ్రాముల చక్కెర, 50 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, చెంచా ఉప్పు, చెంచా దాల్చినచెక్క పొడి, కాస్త జాజికాయ, నాలుగు లవంగాలు పొడిచేసి, ఆ పాలతో పది నిమిషాలు బాగా మర్దించాలి. చివర్లో గుప్పెడు కిస్‌మిస్, సన్నగా తరిగిన నారింజ తొక్క. మన ఏప్రిల్ ఎండలకు గంటలోపే రెట్టింపవుతుంది. పన్నెండు ఉండలు చేసి, మళ్ళీ పొంగనిచ్చి, మైదా నీళ్ళలో చిక్కగా కలిపి సిలువ గీయాలి. ఓవెన్‌లో 200 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు. వేడిమీదే చక్కెర పాకం పూయాలి.

ఆ మూడో వాయి తిని మా మనవడు, "బాగున్నాయి కానీ, నానమ్మవి ఇంకా మెత్తగా ఉండేవి" అన్నాడు. నిజమే. ఆమె పాలలో కొంచెం నీళ్ళు కలిపేదని మా కోడలు ఆ తర్వాత చెప్పింది. తను చూసిందట. డైరీలో ఆ లైను కింద నేనే రాసిపెట్టాను.

బల్ల మీద రెండు డజన్లు తెచ్చి పెట్టాను. షుగరున్నవారు సగమే తీసుకోండి. టీ కూడా వచ్చినట్టుంది. సెలవు.