మీ వ్యాసం ఏ జర్నల్‌కు?

మూసీ కృష్ణలో కలిసే మన వాడపల్లిలో, నరసింహస్వామి గుడి దగ్గరి తెలుగు బోర్డును ఇవాళ ఫోన్ కెమెరా చదివేస్తుంది. ఈ పని ఎప్పుడు మొదలైందనుకుంటున్నారు? తెలుగు అచ్చక్షరాలను కంప్యూటర్‌తో గుర్తించడంపై రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు రాసిన పరిశోధనా వ్యాసం 1977లోనే 'కంప్యూటర్ గ్రాఫిక్స్ అండ్ ఇమేజ్ ప్రాసెసింగ్' అనే జర్నల్‌లో వచ్చింది. అక్షరంలోని చిన్న మూల ఆకారాలను ముందు గుర్తించి తీసేయడం, మిగిలిన రూపాన్ని తర్వాత పోల్చుకోవడం వాళ్ల పద్ధతి. భాష తెలుగే అయినా సమస్య బొమ్మలది కాబట్టి, బొమ్మల జర్నల్‌కే పంపారు. నాకు నచ్చింది ఆ ఎంపికే.

మిర్యాలగూడ, కోదాడల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలూ, మీరూ ముందు జర్నల్ పరిధి చూడండి. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపకండి, అది తప్పు. సమీక్షకు నెలలు పడుతుంది. సమీక్షకుల ప్రతి అభ్యంతరానికీ విడిగా జవాబు రాయాలి, కోపం వచ్చినా సరే. "డబ్బు కట్టండి, వారంలో అచ్చేస్తాం" అనేవాళ్ల జోలికి మాత్రం పోకండి. వ్యాసాన్ని తిరస్కరిస్తే, సమీక్షకులు చూపిన లోపాలు సరిదిద్ది మరో జర్నల్‌కు పంపండి.