సభ్యుల జాబితాల వడపోతలో జాగ్రత్తలు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాల సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



క్యానులో పోసే ముందు పాలను వడగడతాము. గడ్డీ గాదం పైన నిలవాలి, పాలు కిందికి దిగాలి. సంఘం కంప్యూటరులోని పేర్లకు కూడా ఇటువంటి వడపోతే జరుగుతున్నది. ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేస్తాము.

పాలు కొలిచే చోట ఒక లెక్క ఉంటుంది. పూటపూటకూ ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, పైకం ఎంత అన్నది అందులో ఎక్కుతుంది. దాణా వచ్చినదనీ, పశువైద్య శిబిరం ఉన్నదనీ ఫోనుకు కబురు పంపడానికి మరొక జాబితా ఉంటుంది. మొదటిదానిలో నుంచే రెండోదానికి పేర్లు పోతాయి. 200 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే నెలకు 12,000 పద్దులు. అవన్నీ అక్కడికి అక్కరలేదు, సభ్యునికి ఒక్క వరుస చాలు. చనిపోయినవారిని, సభ్యత్వం వదులుకొన్నవారిని, కబుర్లు వద్దన్నవారిని ఆపవలసిందే. బ్యాంకు ఖాతా నెంబరు పోనేకూడదు. పనికి అవసరమైన వివరమే వాడాలన్నది 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా.

అయితే వడగట్టే గుడ్డ మరీ దట్టమైతే పాలు పొర్లి నేలపాలవుతాయి. “30 రోజులుగా పాలు పోయనివారిని ఆపు” అని నియమం పెట్టారనుకొందాము. ఈనడానికి 60 రోజుల ముందే చూడి ఆవును వట్టిపోనివ్వాలని మనమే చెబుతాము. కడుపులో దూడ బాగా ఎదిగేది ఆ రోజులలోనే. దాణా, ఖనిజ లవణాలు తప్పక కావలసినదీ అప్పుడే. సరిగ్గా 31వ రోజున ఆ సభ్యురాలి పేరు ఆగిపోతుంది, కబురు అందదు. నాలుగు ఆవులున్న ఇంట ఏదో ఒకటి పాలిస్తూనే ఉంటుంది. దెబ్బ తగిలేది ఒక్క ఆవుతో బ్రతికే ఇంటికే.

జిల్లా పేరుతో వడగట్టడమూ ప్రమాదమే. మన మూడు ప్రాంతాలూ 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పాత పద్దులలో అనంతపురం అనే ఉండవచ్చు. సరిచూడకుండా వడగడితే మొదటినుంచీ ఉన్న సభ్యులే మాయమవుతారు.

కాబట్టి పాలకవర్గాలు గమనించవలసినవి:

1. సభ్యత్వం ఉన్నదా లేదా అన్నదే మొదటి పరీక్ష. పాలు పోసిన తేదీ కాదు.

2. ఊరికి ముగ్గురు నరసింహులు, నలుగురు లక్ష్మమ్మలు ఉంటారు. పేరుతో కాక సభ్యత్వ సంఖ్యతోనే జత కలపాలి.

3. ఇక్కడ ఆపినంత మాత్రాన అంతకుముందే అక్కడ చేరిన పేరు దానంతట అది పోదు. అక్కడ కూడా ఆపుదల గుర్తు పెట్టించాలి.

4. ఇక్కడ ఉన్నవెన్ని, అక్కడ చేరినవెన్ని, ఆగినవెన్ని, ఎందుకు ఆగినవి అని నెలకొకసారి సరిచూడాలి.

పాల లెక్కలో పైసా తేడా వస్తే మీరు ఊరుకోరు. అలాగే మీ పేరు కబురు జాబితాలో ఉన్నదో లేదో కార్యదర్శిని అడగండి. అడిగే హక్కు మీది, చూపే బాధ్యత సంఘానిది.