తంబురతో ఒకసారి, బ్యాండుతో ఒకసారి
(సమాఖ్య వార్షికోత్సవ సభలో భజన మండలి తరఫున చేసిన ప్రసంగం)



మన తత్త్వాలు, భజన పాటలు ఒక ఆల్బంగా తెద్దామని సమాఖ్య అనుకుంది. ఎలా రికార్డు చెయ్యాలన్న దగ్గరే రెండు జట్లయ్యాం. తంబుర, తాళాలు, డోలక్ చాలని పెద్దలు. గిటారు, కీబోర్డు, డ్రమ్స్ లేకపోతే ఎవరు వింటారని పిల్లలు. మా మండలి మాట ఏమిటంటే, ప్రతి పాటనీ రెండు తీరుల్లోనూ రికార్డు చేద్దాం. అయితే ఏది ముందు అన్న సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అది చెప్పడానికే ఈ పది నిమిషాలు అడిగాం.

కబీరుదాసు మన వృత్తివాడే. 15వ శతాబ్దంలో కాశీలో మగ్గం మీద బతికినవాడు. ఆయన పాటల్లో నూలు, నేత గురించి వచ్చే మాటలు పని తెలిసిన చేతి మాటలు. ఈ ఒంటిని నేసిన చాదరుగా చెప్పిన ‘ఝీనీ చదరియా’ మనలో చాలామంది ఇళ్లల్లో అనూప్ జలోటా గొంతులో క్యాసెట్ల కాలం నుంచీ ఉంది. ఝీనీ అంటే పలచని, సన్నని నేత. మన సోలాపూర్ చద్దరు ఎంత మందమో తెలిసినవాళ్లు ఇక్కడ నవ్వుకుంటున్నారు, కనిపిస్తూనే ఉంది!

ఆ కబీరు పాటల్ని కుమార గంధర్వ పాడారు. 1924లో బెళగావి దగ్గర సూళేభావిలో పుట్టిన మనిషి. క్షయ జబ్బు పట్టి కొన్నేళ్లు పాట మానుకోవాల్సి వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో మంచాన పడి ఉన్న ఆ రోజుల్లో మాల్వా పల్లె పాటలు చెవిన పడ్డాయి. కోలుకున్నాక ఆయన పాడిన నిర్గుణ భజనలు వినండి. తంబూరాలు, తబలా, హార్మోనియం, అంతే. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా వినిపిస్తుంది.

అదే మాల్వాలో ప్రహ్లాద్ సింగ్ టిపానియా ఉన్నారు. బడిపంతులుగా పనిచేసినాయన. చేత తంబూరా, కర్తాల్ పట్టుకుని ఊరూరా కబీరును పాడతారు. 2011లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పాట విని కబీరు దారి పట్టిన నీరజ్ ఆర్య ముంబైలో ‘కబీర్ కేఫ్’ అని బ్యాండు పెట్టి గిటారు, వయొలిన్, మాండొలిన్‌తో అవే పాటలు పాడుతున్నాడు. కుర్రకారు గెంతుతూ కబీరును పాడుతోందంటే అది చిన్న సంగతా? కానీ వరస చూడండి. బ్యాండు పెట్టినవాడి చెవిలో ముందు తంబూరా పాట పడింది.

మనకూ ఆ సంపద ఉంది. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడు. దూది ఏకేవాడి ఇంటి తత్త్వం నూలు నేసేవాడి ఇంట్లో పాడుకోవడం మనకు కొత్త కాదు.

ఇప్పుడు స్టూడియో సంగతి. బ్యాండుకు పాడేటప్పుడు గాయకుడి చెవిలో ‘క్లిక్’ పెడతారు. గడియారంలా టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఒక్కో వాద్యం ఒక్కో రోజు వాయించినా చివరకు అన్నీ కలవాలంటే అది కావాలి, తప్పు లేదు. మన భజన అలా నడవదు. నిదానంగా ఎత్తుకుంటాం, రెండో చరణానికి ఊపు వస్తుంది, ఆఖరికి తాళాలు పరుగెడతాయి. ఒకే వేగం క్లిక్కు పెట్టారంటే ఆ పరుగు పోతుంది.

శ్రుతి కూడా అంతే. మా పెద్దాయన గొంతు ఒకటిన్నరకూ రెండుకూ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. తంబుర తీగ ఆయనకు తగ్గట్టు బిగిస్తాం. కీబోర్డూ సరిచేయొచ్చు అంటారు, నిజమే. మరి వేణువో? అది మారదు. ఆఖరికి అందరూ కలిసి మార్చేది ఆ ముసలాయన్నే.

ఇంకో చిట్కా నడుస్తోంది. బ్యాండుతో పాడించి, వాద్యాలు తీసేసి, మిగిలిన గొంతుకు కాస్త తంబుర అంటించి ‘సాదా పాట’ అని పెడతారు. అంచు కత్తిరించేసి ఇదిగో సాదా చీర అన్నట్టుంటుంది. నేసేవాళ్లం, మనకు తెలియదా! సాదా పాటను సాదాగానే పాడించాలి. అందరూ ఒకే గదిలో కూచుని, క్లిక్ లేకుండా, వంత పాడేవాళ్లతో సహా. ఒకరు దగ్గినా ఫరవాలేదు.

బ్యాండును తక్కువ చెయ్యడం లేదు. మాలో సగం ఇళ్లు మరమగ్గాల మీద బతికినవే. ఆ చప్పుడులో నిద్రపోయిన పిల్లలకు డ్రమ్స్ ఏం కొత్త? పైగా పిల్లలు వాళ్లంతట వాళ్లు ఫోనులో పెట్టుకునేది బ్యాండు పాటే. మా బెంగ మాటల గురించి. సేలం, కోయంబత్తూరుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. సోలాపూర్‌లో మరాఠీ చదువు, బరంపురంలో ఒడియా చదువు. వాళ్లకు పాట మాట పుస్తకంలోంచి రాదు, చెవిలోంచే రావాలి. మేం ప్రయత్నంగా చేసిన ఒక బ్యాండు పాట విని మా మండలిలోని ఓ చిన్నపిల్ల ‘పడుగు’ను ‘పరుగు’ అని పాడింది. కీబోర్డు హోరులో దానికి అలాగే వినిపించింది పాపం. సాదా పాట వినిపిస్తే అదే సరిదిద్దుకుంది. ‘పడుగంటే ఏంటి తాతా’ అని కూడా అడిగింది.

డబ్బు రెండింటికీ ఒకేసారి సరిపోకపోతే ముందు సాదా పాట చేద్దాం. బ్యాండును వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు, వాయించే కుర్రాళ్లు ఎక్కడికీ పోరు. మా మండలిలో తత్త్వాలు మొదలు నుంచి ఆఖరిదాకా వచ్చినవాళ్లు ముగ్గురే ఉన్నారు. వాళ్లలో చిన్నాయనకు 71 ఏళ్లు.

స్టూడియో దాకా రాలేని పెద్దలు మీ ఇళ్లల్లోనూ ఉంటారు. వాళ్ల పాట ఈ నెలలోనే ఫోనులో పట్టండి. ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి, మగ్గం ఆపండి. ఫోను పాడేవారికి మూరెడు దూరంలో, మెత్తని బట్ట మీద పెట్టండి. మధ్యలో మరిచిపోయినా ఆపొద్దు, గుర్తు తెచ్చుకోనివ్వండి. పంపేటప్పుడు ఊరు, పాడినవారి పేరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో మాటల్లోనే చెప్పించి పంపండి. రాత రానివాళ్లు కూడా చెప్పగలరు.